బెజవాడ ఎండల్లో ఒంటిని కాపాడుకోవడం గురించి

చి.ల.సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. మీరు నలుగురూ స్కాట్లాండ్ నుంచి తిన్నగా మే నెల మూడో వారంలో బెజవాడలో దిగుతున్నారని మీ అమ్మ చెప్పింది. రోహిణిలో రోళ్లు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. నువ్వు ఇక్కడ పుట్టినదానివే అయినా ఇన్నేళ్ల చలికి నీ ఒళ్లు కూడా మారిపోయి ఉంటుంది. అల్లుడుగారికీ పిల్లలకీ ఇంత ఉక్క అసలే తెలియదు.

పెట్టెల్లోంచి ముందు తీసెయ్యాల్సినవి చెప్తాను. చలికి రాసుకునే గట్టి క్రీములు, పెట్రోలియం జెల్లీ, ఒంటికి అతుక్కునే నైలాన్ లెగ్గింగులు, బిగుతు జీన్సు. అక్కడ చర్మం ఎండిపోకుండా చూసుకునేవాళ్లు, ఇక్కడ చెమట ఆరేలా చూసుకోవాలి. ఇక్కడి చర్మపు బాధల్లో చాలావరకు చెమ్మ దగ్గరే మొదలవుతాయి.

మొదటి వారంలోనే చెమటకాయలు లేస్తాయి. తడికి పైచర్మం నాని ఉబ్బి, చెమట బయటికొచ్చే సన్నటి దారులు మూసుకుంటాయి. లోపలి చెమట పక్కలకి పాకి ఎర్రటి గింజలవుతుంది, ముళ్లు గుచ్చినట్టుంటుంది. మెడ, వీపు, మోచేతి మడత, నడుము దగ్గర ఎలాస్టిక్ పట్టుకునే చోటు చూడు. ఒళ్లు ఎండకి అలవాటు పడడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. అన్నాళ్లూ రోజుకు రెండుసార్లు చన్నీళ్లు పోసుకోండి. సబ్బు ఒక్కపూట చాలు, అదీ చంకలు, గజ్జలు, పాదాలకి. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఫ్యాన్ కింద ఐదు నిమిషాలు ఆరాకే బట్టలు. క్యాలమైన్ లోషన్ మందు అడుగున పేరుకుంటుంది కాబట్టి సీసా బాగా కుదిపి, దూదితో పల్చగా రెండు మూడుసార్లు రాయి. పౌడరు వద్దు. తడి ఒంటిమీద ముద్దకట్టి మడతల్లో ఒరుసుకుంటుంది, పిల్లలు పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు. అన్నిటికన్నా పనిచేసే మందు రోజూ కొన్ని గంటలు చల్లటి గదిలో ఉండడం. ఏసీ కాకుండా నీళ్ల కూలర్ పెట్టుకుంటే మటుకు ఎదురు కిటికీ తెరిచే ఉంచాలి. మూసిన గదిలో కూలర్ గాలిలో చెమ్మ పెంచి, చెమటకాయల్ని ఇంకా ఎక్కువ చేస్తుంది.

అల్లుడుగారి తెల్లచర్మానికి ఎండ పొడ తగిలిన చోటల్లా కందిపోతుంది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవునా పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. బయటికెళ్లే పావుగంట ముందు రాసి, చెమట పడుతుంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పదకొండు నుంచి నాలుగు దాకా గడప దాటకపోతే మరీ మంచిది.

మీరొచ్చేసరికి నూజివీడు రసాలు దిగుతాయి. పిల్లలు నోటితో జుర్రుకుంటారు, మర్నాటికి పెదాల చుట్టూ ఎర్రటి పొక్కులు. వేడి చేసిందని పళ్లు మాన్పించేస్తారు పెద్దవాళ్లు. అది వేడి కాదు, సొన. తొడిమ దగ్గర కారే జిగురు చర్మాన్ని కాలుస్తుంది. కాయల్ని గంటసేపు నీళ్లలో వేసి, తొడిమ మొదలు కాస్త మందంగా కోసి, మొదట వచ్చే నాలుగు చుక్కలు పిండి పారేసి, తొక్క మళ్లీ కడగాలి. పిల్లలకి ముక్కలు కోసి గిన్నెలో ఇస్తే అసలు బాధే లేదు. తిన్నాక మూతి సబ్బుతో కడిగించు.

అదే నెల ఇంట్లో ఆవకాయ కలుపుతారు. గుంటూరు కారం చేతికంటి మండితే నీళ్లు పోసి లాభం లేదు, ఆ ఘాటు నీళ్లలో కరగదు. ముందు నూనె రాసి తుడిచి, తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. కంట్లో పడితే మాత్రం మంచినీళ్లే, పావుగంట ధారగా.

ఇక తామర, అంటే చర్మానికి పట్టే ఫంగస్. దీని గురించే నాకు ఎక్కువ భయం. గుండ్రటి మచ్చ, అంచు ఎర్రగా ఉబ్బి పొట్టు లేస్తూ, మధ్యలో చర్మం మామూలుగా కనిపిస్తుంది. గజ్జల్లో, నడుము చుట్టూ, చంకల్లో వస్తుంది. మెడికల్ షాపుకెళ్లి దురద అనగానే ఒక ట్యూబు చేతిలో పెడతారు. రెండు రోజుల్లో దురద పోతుంది, అందరూ ఆ ట్యూబునే మెచ్చుకుంటారు. దాని మీద సన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ అని ఏ ఒక్కటి ఉన్నా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. అది దురదనీ ఎరుపునీ అణుస్తుంది, ఫంగస్‌ని హాయిగా పాకనిస్తుంది. మానగానే రెట్టింపు వస్తుంది, మచ్చ ఆకారం కూడా మారిపోయి డాక్టరుకే పోల్చుకోవడం కష్టమవుతుంది. గజ్జల్లో నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి చారలు పడతాయి, అవి ఇక పోవు. ఇలాంటివి చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే నియమం వచ్చింది, అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు.

తామరకి ఉత్త ఫంగస్ మందే వాడాలి. క్లోట్రిమజోల్ అయితే పూటకోసారి చొప్పున రెండు పూటలా, మచ్చ మీదే కాకుండా అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా. మచ్చ కనిపించకుండా పోయాక ఇంకో రెండు వారాలు రాయాలి, జనం ఆపేసేది సరిగ్గా ఇక్కడే. రెండు మూడు చోట్ల ఉన్నా, గోళ్లకి పాకినా పైపూతతో తగ్గదు, మాత్రలు డాక్టరే రాయాలి. తువ్వాళ్లు ఎవరివి వారికి. లోదుస్తులు మిగతా బట్టలతో కలపకుండా వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసి, కుట్లమీద ఇస్త్రీ పెట్టించు. పిల్లాడికి మొలతాడు కడతారు మనవాళ్లు. తడి మొలతాడు రోజంతా నడుముని అంటుకుని ఉంటుంది, మందు రాస్తున్నా తామర మళ్లీ అక్కడే మొదలవుతుంది. తగ్గేదాకా విప్పెయ్యి, తర్వాత కొత్తది కట్టు. ఇందులో ఎవరినీ నొప్పించేదేమీ లేదు.

గజ్జిని తామర అనుకుని తప్పు మందు రాసేవాళ్లున్నారు. గజ్జికి దురద రాత్రిళ్లు ఎక్కువ, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ సన్నగింజలు, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కిందా వేళ్ల మధ్యా వదలకుండా రాత్రి రాసి పొద్దున కడగాలి. పెద్దవాళ్లకి ముప్పై గ్రాముల ట్యూబు ఒక పూతకే అయిపోతుంది. దురద ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకుని, వారానికి మళ్లీ రాసుకోవాలి. పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకాలి, ఉతకలేనివి సంచిలో మూతికట్టి వారం పక్కన పెట్టాలి. గజ్జి పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, మందు పనిచెయ్యలేదని రోజూ రాయకు. చంటిపిల్లలకి మాత్రం డాక్టర్ని అడక్కుండా వద్దు.

వానలు పడ్డాక రాత్రి ట్యూబులైటు చుట్టూ చీమంత సన్నగా, నడుము నారింజరంగులో, తలా తోకా నల్లగా ఉండే పురుగు తిరుగుతుంది, వరిపొలాలున్న వైపు మరీను. మెడమీద వాలితే చేత్తో నలిపేస్తారు. దాని ఒంట్లో రసం చర్మాన్ని కాలుస్తుంది, ఒకటి రెండు రోజులకి గీత గీసినట్టు పొక్కులు లేస్తాయి. నలపకుండా కాగితంతో ఎగరగొట్టి, తగిలిన చోటు వెంటనే సబ్బుతో కడగాలి. ఆ గీత చూసి ఎవరైనా అక్కి అంటారు, కావి పూయించుకురమ్మంటారు. అక్కి అయితే ముందు నొప్పి, మంట వచ్చి, తర్వాత ఒంటికి ఒక పక్కనే పట్టీలా పొక్కులొస్తాయి. దానికి మందు మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, పూతల కోసం ఆ మూడు రోజులు పోగొట్టుకోవద్దు.

వెల్లుల్లి నూరి పెట్టమంటే వద్దను, బొబ్బలెక్కుతుంది. నిమ్మరసం చర్మంమీద ఉండగా ఎండలోకి వెళ్తే కాలి నల్లమచ్చ పడుతుంది. సెగగడ్డ లేస్తే పిండకు, ముక్కూ పైపెదవీ దగ్గరైతే అసలు ముట్టుకోకు. గోరువెచ్చని తడిగుడ్డ పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెట్టు. ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా అదే రోజు చూపించు. పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తెలియకపోతే నొప్పి లేదు కదా అని వదిలెయ్యకుండా చూపించు, పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అంతకుముందు రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక సంచిలో వేసుకెళ్లు. మచ్చ మొదటి రోజు ఎలా ఉందో ఫోనులో ఫొటో తీసి ఉంచుకో. పొద్దున ఏ క్రీమూ రాయకుండా వెళ్లాలి, రాస్తే పొట్టు గీకి పరీక్ష చెయ్యడం కుదరదు.

ఇట్లు,
పెద్దమ్మ