పాత ల్యాప్‌టాప్ అమ్మబోతున్న తమ్ముడికి

అమెరికాలో, టెక్సస్‌లోని డెంటన్ నుంచి రాసిన తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చదువు అయిపోవచ్చింది, ఆస్టిన్‌లో ఉద్యోగం వచ్చింది, కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్నావు. 2023లో హైదరాబాద్‌లో 68 వేలు పెట్టి కొన్న పాతది అమ్మేద్దామనుకుంటున్నావు. స్టోర్‌లో ట్రేడ్-ఇన్ (పాతది వాళ్ళకే ఇచ్చేయడం) అడిగితే 110 డాలర్లు అన్నారు. ఆన్‌లైన్‌లో పెడితే ఒకతను బేరం కూడా ఆడకుండా 400 ఇస్తానన్నాడు, చెక్కు పోస్టులో పంపుతానన్నాడు. ఎవరికి ఇమ్మంటావక్కా అని అడిగావు.

ముందు ఆ చెక్కు సంగతి. అది తీసుకోకు. ఎందుకు వద్దంటున్నానో నా కథ వింటే నీకే తెలుస్తుంది.

2009లో నేను ఆర్లింగ్టన్‌లో చదువుకుంటున్నాను. మా నాన్న తెనాలి దగ్గర ఉన్న రెండెకరాలు తాకట్టు పెట్టి నన్ను పంపారు. అప్పట్లో డాలరు 47 రూపాయలు. కాఫీ తాగినా, బస్సెక్కినా మనసులో 47తో గుణించుకునేదాన్ని. చేతిలో రెండు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, ఒకటి అమ్మితే ఒక నెల అద్దె వస్తుందని ఆశ. 450 డాలర్లకి ప్రకటన పెట్టాను. రెండో రోజే ఒకాయన ఈమెయిల్ రాశాడు. ఊళ్ళో లేడట, వాళ్ళబ్బాయి పుట్టినరోజుకి కావాలట, ధర మాట్లాడనే లేదు. బ్యాంకు చెక్కు పంపుతాను, సామాను మోసేవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు అన్నాడు.

చెక్కు కొరియర్‌లో వచ్చింది. నీలం కాగితం, అంచున మెరిసే గీత, కింద సంతకం. 450 కాదు, 1,320 ఉంది. అంతలోనే ఈమెయిల్: మిగతా 870 సామాను మోసేవాళ్ళ డబ్బు కూడా కలిపి వేశాను, కాస్త వాళ్ళకి పంపించండి అని. బ్యాంకులో వేశాను. మర్నాడు అకౌంట్‌లో మొత్తం కనిపించింది. కనిపించింది కదా, వచ్చేసినట్టే అనుకున్నాను. కిరాణా స్టోర్‌లో ఉన్న మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్‌కి వెళ్ళి 870 డాలర్లు పంపేశాను. కౌంటర్‌లో ఉన్నావిడ "నీకు వాళ్ళు తెలుసా?" అని అడిగింది కూడా. తెలుసు అన్నాను.

పదకొండో రోజు పొద్దున అకౌంట్ చూస్తే మైనస్‌లో ఉంది. గుండె గుభేల్మంది. బ్యాంకుకి పరిగెత్తితే, చెక్కు దొంగది, వెనక్కి వచ్చింది, ఆ డబ్బు మీరే కట్టాలి అన్నారు. పైన చెక్కు తిరిగొచ్చినందుకు ఫీజు. 870 డాలర్లంటే దాదాపు 41 వేల రూపాయలు. ల్యాప్‌టాప్ కోసం మాత్రం ఎవరూ రాలేదు. వాళ్ళకి కావలసింది ల్యాప్‌టాప్ కాదు. ఆ సెమిస్టర్ అంతా రాత్రిపూట లైబ్రరీ డెస్క్‌లో పనిచేసి, అన్నం పప్పు తప్ప ఇంకేమీ వండుకోకుండా ఆ లోటు పూడ్చుకున్నాను. నాన్నకి చెప్పలేదు. అప్పు మొత్తం తీరి పొలం కాగితాలు ఇంటికొచ్చాకే చెప్పాను.

ఇందులో మన పిల్లలకి అర్థం కాని కిటుకు ఒకటుంది. ఇక్కడ చెక్కు వేసిన ఒకటి రెండు రోజుల్లో బ్యాంకు ఆ డబ్బు వాడుకోనిస్తుంది. చెక్కు అసలుదో కాదో తేలడానికి మాత్రం వారాలు కూడా పట్టొచ్చు. బ్యాలెన్స్‌లో అంకె కనిపించినంత మాత్రాన డబ్బు నీదైపోలేదు. అడిగినదానికంటే ఎక్కువ పంపి, మిగిలింది తిరిగి పంపమన్నారంటే, ఎంత మర్యాదగా రాసినా సరే, అక్కడితో మాట్లాడటం ఆపెయ్.

ఇప్పుడు రూపం మారింది, మోసం అదే. జెల్‌లో (ఇక్కడ బ్యాంకు అకౌంట్ల మధ్య డబ్బు పంపే పద్ధతి) డబ్బు వేశాం, మీది మామూలు అకౌంట్ కాబట్టి ఆగింది, బిజినెస్ అకౌంట్‌గా మార్చుకోవడానికి మరో 300 వేశాం, అది తిరిగి పంపండి అని ఈమెయిల్ వస్తుంది. ఈమెయిల్ ఎవరైనా తయారు చేయగలరు. నీ బ్యాంకు యాప్ నువ్వే తెరిచి చూసుకో, అందులో పడితేనే పడినట్టు. ఇంకొందరు "మీరు నిజమైన మనిషేనా, మీ ఫోన్‌కి వచ్చిన ఆరంకెల కోడ్ చెప్పండి" అంటారు. కోడ్ ఎవరికీ చెప్పకు. పోయిన సెమిస్టర్‌లో మా వాట్సాప్ గ్రూపులో ముగ్గురు పిల్లలు ఇలాగే పోగొట్టుకున్నారు. ముగ్గురూ కంప్యూటర్ సైన్సే. అమ్మేముందు నాలాంటి వాళ్ళని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. మీ తరం పిల్లలు వీడియోలు చూసి అన్నీ తెలుసనుకుంటారు, అదే నా బాధ.

సరే, మరి ఎవరికి అమ్మాలి? నా లెక్క చెప్తాను. 110 డాలర్లు చాలా తక్కువ, పైగా ట్రేడ్-ఇన్ అంటే చాలా చోట్ల చేతికి వచ్చేది గిఫ్ట్ కార్డే. దాంతో నీ చదువు లోన్ కట్టలేవు. ఈబే అనే అమ్మకాల సైటులో కొనేవాళ్ళు ఎక్కువే, కానీ అమ్మినదాంట్లో సుమారు 13 శాతం వాళ్ళ ఫీజుకే పోతుంది. ప్యాకింగ్, పోస్టేజీ వేరు. ఆ సైటుని మాత్రం ధర తెలుసుకోవడానికి వాడుకో. అమ్ముడైపోయినవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంటుంది, నీ మోడల్ కొట్టి చూడు. అమ్మకానికి పెట్టిన ధర కాదు, నిజంగా అమ్ముడైన ధర చూడాలి. నువ్వు పెట్టిన 68 వేలు మర్చిపో తమ్ముడూ. ఆ డబ్బు ఖర్చైపోయింది.

నన్నడిగితే, దగ్గర్లో ఉన్నవాళ్ళకి, ఎదురుగా చూపించి, నగదుకి అమ్మడమే మేలు. 400 వద్దు, 300 వచ్చినా చాలు. ఆగస్టులో, జనవరిలో కొత్త బ్యాచ్ దిగుతుంది, అప్పుడు స్టూడెంట్ గ్రూపుల్లో పెడితే రెండు రోజుల్లో పోతుంది. కానీ మనవాళ్ళే కదా అని అప్పు ఇవ్వకు. నేనొకసారి మైక్రోవేవ్, మంచం కలిపి ఒక కుర్రాడికి "వచ్చే నెల ఇస్తానక్కా" అంటే ఇచ్చాను. 90 డాలర్లు. ఈరోజుకీ రాలేదు. డబ్బు చేతిలో పడ్డాకే వస్తువు చేతులు మారాలి.

బయటివాళ్ళైతే ఇంటికి పిలవకు. ఇక్కడ చాలా ఊళ్ళలో పోలీస్ స్టేషన్ దగ్గర ఇలాంటి కొనుగోళ్ళ కోసమే కెమెరా పెట్టిన చోటు ఉంటుంది. పగటిపూట అక్కడికి రమ్మను. వంద నోట్లు ఇస్తే కంగారు పడకుండా ఒక్కొక్కటీ చూసుకో. కొత్త రకం నోట్లలో మధ్యలో నీలం పట్టీ నేసి ఉంటుంది. నోటుని వెనక్కీ ముందుకీ వంచితే ఆ పట్టీలో గంటల బొమ్మలు 100 అంకెలుగా మారతాయి. ఫ్రాంక్లిన్ భుజం మీద వేలు పెట్టి రాస్తే గరుకుగా తగలాలి.

నీ ల్యాప్‌టాప్ ఇండియాది కాబట్టి రెండు విషయాలు ముందే చెప్పేయ్. 4 అంకె ఉన్న కీ మీద రూపాయి గుర్తు ఉందేమో చూడు, ఉంటే ఫొటోలో కనిపించనివ్వు. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కంపెనీ సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి చూసి చెప్పు. ఛార్జర్‌కి మన ఊరి మూడు గుండ్రటి పిన్నులు ఉంటాయి. దాని మధ్యలో ఉండే నల్ల డబ్బా మీద 100-240 వోల్టులు అని రాసి ఉంటే కేబుల్ ఒక్కటి మారిస్తే చాలు, కొత్త ఛార్జర్ కొని డబ్బు తగలెయ్యకు. బ్యాటరీ రిపోర్ట్ తీసి డిజైన్ కెపాసిటీ, ఇప్పటి ఫుల్ ఛార్జ్ కెపాసిటీ రెండూ చూపించు. దాచితే బేరం దగ్గర పట్టుకుని 50 తగ్గిస్తారు.

అమ్మేముందు మొత్తం తుడిచెయ్యాలి. నేను తర్వాత ఆ ల్యాప్‌టాప్‌ని ఒక పెద్దావిడకి 300కి అమ్మాను, ఫైళ్ళు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేశాను, అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత ఆవిడ ఫోన్ చేసింది. "ఇందులో ఎవరిదో పెళ్ళి ఫొటోలున్నాయమ్మా, పాస్‌పోర్టు కాగితాలు కూడా, కావాలా?" అని. మంచి మనిషి కాబట్టి సరిపోయింది. నువ్వు ముందు అన్నీ కాపీ చేసుకో, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం), మార్కుల మెమోలు, లోన్ కాగితాలు మర్చిపోకు. తర్వాత నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తీసేసి, సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్ళి రీసెట్ చెయ్, అన్నీ తీసెయ్యమని, డ్రైవ్ క్లీన్ చెయ్యమని ఎంచుకో. గంటలు పడుతుంది, పట్టనీ. ఎప్పుడైనా మాక్‌బుక్ అమ్మితే ఫైండ్ మై (పోయిన మాక్‌బుక్‌ని వెతికే ఏర్పాటు) ఆపి, ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ అవ్వాలి. లేకపోతే కొన్నవాళ్ళకి అది తెరుచుకోదు, డబ్బు వెనక్కి ఇమ్మంటారు.

రూల్స్ సంగతి మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు, నేను చెప్పేది టూకీగా. సొంత పాత వస్తువు కొన్నదానికంటే తక్కువకి అమ్ముకుంటే పన్ను పడదు, బిల్లు మాత్రం దాచుకో. లాభం వచ్చింది కదా అని పదిమంది దగ్గర కొని అమ్మడం మొదలుపెట్టకు, స్టూడెంట్ వీసా మీద వ్యాపారం చేయకూడదు.

ఇంకో మాట. ఇంట్లో చదువుకునే చెల్లెలు ఉందని రాశావు. నువ్వు ఇండియా వెళ్ళేది ఉంటే, పెద్దవాళ్ళకి ఒక ల్యాప్‌టాప్ కస్టమ్స్ లేకుండా తీసుకెళ్ళనిస్తారు. తనకి కొత్తది కొనడానికి మీ నాన్న ఎలాగూ యాభై వేలు తీయాలి. ఇక్కడ వచ్చే 300 కంటే అక్కడ మిగిలే యాభై వేలే ఎక్కువ. అమ్మితే మాత్రం ఆ డబ్బు ఫోన్‌కీ బూట్లకీ పెట్టకుండా లోన్‌లో వెయ్యి, అసలులో వెయ్యమని చెప్పి మరీ వెయ్యి.

ఈ రాత్రే ఆ 400 ఇస్తానన్నతనికి రాయి: నగదైతే శనివారం పొద్దున పదకొండింటికి పోలీస్ స్టేషన్ దగ్గరికి రమ్మని. జవాబు రాకపోతే ఫీల్ అవ్వకు. కేబుల్ కొనొద్దు, మా ఇంట్లో రెండు అదనంగా ఉన్నాయి, ఫ్రిస్కో వైపు వచ్చినప్పుడు తీసుకెళ్ళు. వచ్చేముందు ఫోన్ చెయ్, అన్నం వండి ఉంచుతాను.