కరెంటు బిల్లు పెరిగినప్పుడు ఏ పద్దు పెరిగిందో ముందు పట్టుకోండి

హనుమకొండలో ప్రతి నెలా ఏడు వందల లోపే వచ్చే కరెంటు బిల్లు ఈసారి రెండు వేల నాలుగు వందలు దాటిందని రాశారు. కడితే ఒప్పుకున్నట్టవుతుందా, కట్టకపోతే సరఫరా తీసేస్తారా, అసలు ఎవరిని అడగాలి అన్నవి మీ ప్రశ్నలు. కాజీపేటలో మా ఇంటికీ ఇలాంటి బిల్లే వచ్చింది, దాన్ని సరిచేయించుకున్నాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆఫీసుకు వెళ్లి "ఇంత బిల్లు వచ్చిందేమిటండీ" అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఖాయం: "ఎండాకాలం కదా, వాడే ఉంటారు." ఆ మాటకు మన దగ్గర బదులు ఉండదు, చేతిలో బిల్లుతో వెనక్కి వచ్చేస్తాం. నిజానికి బిల్లు ఏడెనిమిది పద్దుల కూడిక. యూనిట్ల మీద ఎనర్జీ ఛార్జీ, మంజూరైన లోడును బట్టి ఫిక్స్‌డ్ ఛార్జీ, శ్లాబును బట్టి కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల ఎలక్ట్రిసిటీ డ్యూటీ, పాత బకాయి, సర్దుబాట్లు, ఒక్కోసారి ఏసీడీ అనే అదనపు డిపాజిట్. గత ఆరు నెలల బిల్లులు పక్కపక్కన పెట్టుకుని ఏ పద్దు ఎంత పెరిగిందో చూడండి. పాత చీటీలు పారేసి ఉంటే బిల్లు మీద ఉండే యూనిక్ సర్వీస్ నంబరుతో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. పెరిగిన పద్దు ఏదో చెప్పి అడిగిన మనిషికి అక్కడి సిబ్బంది లెక్క తీసి చూపించక తప్పదు.

ఎక్కువ ఇళ్లలో దెబ్బ తగిలేది 200 యూనిట్ల దగ్గర. 2022 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో అమలైన టారిఫ్ చూడండి. నెలకు 101 నుంచి 200 యూనిట్లు వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లకు 3.40 రూపాయలు, తర్వాతి వందకు 4.80 రూపాయలు. అంటే సరిగ్గా 200 వాడితే ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. ఇంకొక్క యూనిట్ వాడితే మీరు వేరే వర్గంలోకి వెళ్లిపోతారు. అక్కడ మొదటి 200 యూనిట్లకూ 5.10 రూపాయల లెక్క, ఆ పైదానికి 7.70. మొత్తం 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల పైన తేడా! 300 దాటిన యూనిట్లకు 9 రూపాయలు, 400 దాటినవాటికి 9.50. తెల్ల రేషన్ కార్డుతో 2024 మార్చి నుంచి గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం పొందుతున్న ఇళ్లకు ఈ గీత ఇంకా కఠినం. 200 లోపు ఉంటే జీరో బిల్లు, దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఒకే సర్వీసు, అంటే ఒకే కనెక్షన్ మీద ఇంటివాళ్లు, అద్దెవాళ్లు కలిసి వాడుతున్న ఇళ్లు నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు చాలా ఉన్నాయి. రెండు కుటుంబాలు చెరో 150 యూనిట్లు వేర్వేరు సర్వీసుల మీద వాడితే ఇద్దరికీ కలిపి 1,160 రూపాయల ఎనర్జీ ఛార్జీ, ఒకే మీటరు మీద 300 వాడితే 1,790. మీది అలాంటి ఇల్లయితే తప్పు బిల్లుది కాకపోవచ్చు, వేరే సర్వీసు తీసుకోవడమే దారి.

మా ఇంట్లో జరిగింది ఇది. మీటరు వరండాలో ఉంటుంది, పగలు అందరం పనులకు వెళ్తాం, గేటుకు తాళం. వరుసగా రెండు నెలలు రీడింగ్ తీసే అబ్బాయి తాళం చూసి డోర్ లాక్ అని రాసుకుని సగటు బిల్లు ఇచ్చి వెళ్లాడు. మూడో నెల రీడింగ్ తీశారు, మూడు నెలల యూనిట్లూ ఒకే బిల్లులోకి వచ్చాయి, 510. మధ్యలో కట్టిన సగటు బిల్లులను తగ్గించారు గానీ, శ్లాబును మాత్రం నెలల వారీగా విడదీయలేదు. నెలకు 170 చొప్పున చూస్తే ఎనర్జీ ఛార్జీ 676 రూపాయలు, మూడు నెలలకు 2,028. అదే 510 యూనిట్లను ఒకే నెలలో వాడినట్టు లెక్కిస్తే 3,735. వాడిన కరెంటు ఒక్కటే, లెక్క మారినందుకు 1,707 రూపాయలు అదనం. నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ ఎక్కువ వాడలేదు. అయినా ఇలాంటి లెక్క అర్థం కాక నోరు మూసుకుని కట్టేసిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

మీ బిల్లు మీద గత రీడింగ్ తేదీ, ఇప్పటి రీడింగ్ తేదీ, మీటరు స్థితి ఏమని ఉన్నాయో తప్పక చూడండి. బిల్లు మీది ప్రస్తుత రీడింగ్‌కూ ఈ రోజు మీ మీటరు చూపిస్తున్న అంకెకూ పొంతన ఉందా? మీటరు ఫొటో తేదీతో సహా తీసి పెట్టుకోండి. బిల్లులోని రీడింగ్ మీటరు అంకె కంటే ఎక్కువుందంటే ఇక వాదనే అక్కర్లేదు. రెండు రీడింగుల మధ్య నెలకు మించి రోజులు గడిస్తే మా వాదనే మీకూ పనికొస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో రీడింగ్ తీయడం ఆగి, జూన్‌లో ఒకేసారి తీసినప్పుడు మూడు నెలల యూనిట్లను సగటు చేసే శ్లాబు వేశారు. దరఖాస్తులో ఈ సంగతి నేను రాశాను, మీరూ రాయండి.

రీడింగ్ తీసేవాళ్ల మీద మాత్రం విరుచుకుపడకండి. మండుటెండలో ఇల్లిల్లూ తిరిగే మనిషి, శ్లాబు లెక్క అతని చేతిలో ఉండదు.

యూనిట్లు ఎప్పటిలాగే ఉండి మొత్తం మాత్రం పెరిగితే ఏసీడీ ఉందేమో వెతకండి. 2023 జనవరిలో ఉత్తర తెలంగాణ జిల్లాల్లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. ఇది అదనపు వినియోగ డిపాజిట్. గత ఏడాది వాడకం సగటున రెండు నెలల బిల్లు ఎంతో లెక్కగట్టి, మీ పేరున ఉన్న పాత డిపాజిట్ అందులోంచి తీసేసి మిగతాది అడుగుతారు. నియమాల ప్రకారం అడగవచ్చు, కానీ అది ఖర్చు కాదు, మీ పేరున ఉండే డబ్బు. విద్యుత్ చట్టం 2003లోని 47వ సెక్షన్ ప్రకారం దానికి వడ్డీ ఇవ్వాలి. పాత డిపాజిట్ పూర్తిగా లెక్కలోకి తీసుకున్నారా, వడ్డీ ఏ నెల బిల్లులో సర్దారు అన్న రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. అద్దెకు ఉంటే ఏసీడీ ఇంటి యజమాని భరించాల్సింది. మీరు ఖాళీ చేసి వెళ్లినా డిపాజిట్ ఆ సర్వీసుతోనే ఉంటుంది కదా.

నిజంగానే యూనిట్లు పెరిగాయంటే ఫిర్యాదుకు ముందు ఇల్లు ఒకసారి పరీక్షించుకోండి. మే నెలలో బోరులో నీళ్లు కిందికి పోతాయి, అరగంటలో నిండే ట్యాంకుకు గంటన్నర పడుతుంది. ఒక హెచ్‌పీ మోటారు అంటే 746 వాట్లు, అది రోజూ అదనంగా ఒక గంట తిరిగినా నెలకు ఇరవై యూనిట్లు పైనే. 180 దగ్గర ఉన్న ఇంటిని 200 దాటించడానికి అది చాలు. మీటరు మీద అనుమానం ఉంటే ఇంట్లో అన్నీ ఆపేసి చూడండి, ఎర్ర పల్స్ లైటు వెలిగి ఆరుతూ ఉండకూడదు. తర్వాత వెయ్యి వాట్ల వాటర్ హీటర్ రాడ్ ఒక్కటే బకెట్ నీళ్లలో వేసి నిమిషం పాటు లెక్కపెట్టండి. మీటరు మీద యూనిట్‌కు 3,200 పల్సులు అని రాసి ఉంటే నిమిషానికి యాభై మూడు దాకా రావాలి. వోల్టేజీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఎనభై వస్తే మాత్రం మీటరు టెస్టింగ్‌కు దరఖాస్తు చేయండి. ఇంకొకటి, మీటరు మీద 'ఈ ఎల్' అనే చిన్న లైటు వెలుగుతుంటే వైరింగులో ఎక్కడో కరెంటు ఎర్త్‌కు పోతోందని, లేదా పక్క పోర్షన్ న్యూట్రల్ వైరు మీదానితో కలిసిందని అర్థం. అప్పుడు పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ను.

ఇప్పుడు ఎవరిని అడగాలన్న మాట. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, కానీ దానితో ఆగకండి. రీడింగ్, మీటరు సమస్య అయితే మీ సెక్షన్ ఆఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్). లెక్క, శ్లాబు, సర్దుబాటు, డిపాజిట్ అయితే ఈఆర్‌ఓలో (బిల్లుల లెక్కలు చూసే రెవెన్యూ ఆఫీసు) ఉండే ఏఏఓ (అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసర్). మేము మొదట సెక్షన్ ఆఫీసు చుట్టూ తిరిగాం, వాళ్లు సానుభూతిగానే మాట్లాడారు, బిల్లు సవరించే అధికారం మాత్రం వాళ్లకు లేదు. తెల్ల కాగితం మీద సర్వీసు నంబరు, బిల్లు తేదీ, ఏ పద్దు ఎందుకు తప్పు అనుకుంటున్నారో, సరైన లెక్క ఎంతో రాసి, పాత బిల్లుల జిరాక్సులు, మీటరు ఫొటో జతచేయండి. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మర్చిపోవద్దు. మాకు పని చేసింది ఆ ముద్రే. నోటిమాటగా అడిగినన్నాళ్లూ "చూద్దాం" అన్నవాళ్లు, ముద్ర పడ్డ కాగితం తర్వాత లెక్క తీసి మూడు నెలలకు విడదీశారు. తేడా తరువాతి బిల్లులో తగ్గింది. సోమవారం ప్రజావాణిలో ఇవ్వమని కొందరు చెబుతారు. ఇవ్వవచ్చు, కానీ కలెక్టరేట్ నుంచి అది తిరిగి ఇదే ఆఫీసుకు వస్తుంది.

కట్టాలా వద్దా అన్నదానికి జవాబు విద్యుత్ చట్టంలోనే ఉంది. బకాయికి సరఫరా తీసేయాలంటే 15 పూర్తి రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలని 56వ సెక్షన్ చెబుతుంది. అదే సెక్షన్‌లో ఇంకో రక్షణ ఉంది. బిల్లు మీద వివాదం ఉన్నప్పుడు, అడిగిన మొత్తం లేదా గత ఆరు నెలల సగటు బిల్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది నిరసన తెలుపుతూ కడితే, వివాదం తేలేదాకా సరఫరా ఆపకూడదు. మీ విషయంలో అది ఏడు వందల లోపే. కౌంటరులో కంప్యూటరు పూర్తి మొత్తం తప్ప తీసుకోకపోవచ్చు. అందుకే దరఖాస్తులోనే 56వ సెక్షన్ పేర్కొని, సగటు మొత్తం కట్టించుకోవాలని ఏఏఓను కోరండి. బిల్లు మీద డిస్‌కనెక్షన్ తేదీ ముద్రించి ఉంటుంది, మీ కాగితం ఆ తేదీకి ముందే ఆఫీసులో పడాలి. ఏమీ కట్టకుండా కూర్చోవడం మాత్రం వద్దు, న్యాయం మీ వైపు ఉన్నా చీకట్లో ఉండి వాదించాల్సి వస్తుంది. భయంతో మొత్తం కట్టేసినా హక్కు పోదు. "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసి ఇచ్చి కట్టండి.

ఏఏఓ దగ్గర తేలకపోతే విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార ఫోరం ఉంది. 42వ సెక్షన్ కింద ఏర్పాటైనది. మన ప్రాంతానికి హనుమకొండలో ఒకటి, నిజామాబాద్‌లో ఒకటి. ఫీజు లేదు, లాయరు అవసరం లేదు. తెలుగులో రాసి ఇస్తే చాలు. ముద్ర వేయించుకున్న పాత దరఖాస్తు ఇక్కడ మీకు సాక్ష్యం. ఫోరం తీర్పు నచ్చకపోతే అది అందిన 30 రోజుల్లో హైదరాబాద్‌లోని విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఒకవేళ మీకు వచ్చిన కాగితంలో అనధికార వినియోగం, 126వ సెక్షన్ అన్న మాటలు ఉంటే దారి వేరు. అది ఈ ఫోరం పరిధిలోకి రాదు, నోటీసు ఇచ్చిన అధికారికే గడువులోగా అభ్యంతరం ఇవ్వాలి. ఎప్పటివో పాత బకాయిలు ఇప్పుడు కలిపి ఉంటే, రెండేళ్లు దాటిన బకాయిని అప్పటినుంచీ బిల్లుల్లో వరుసగా చూపిస్తూ రాకపోతే వసూలు చేయకూడదన్న నిబంధన కూడా 56లోనే ఉంది.

మీ బిల్లులోని రెండు రీడింగులు, వాటి తేదీలు, యూనిట్లు, ఏసీడీ పద్దు ఉందో లేదో ఇక్కడ రాయండి. సర్వీసు నంబరు, పేరు మాత్రం పెట్టకండి. లెక్క నేను వేసి చూస్తాను. శ్లాబు తప్పు అయితే దరఖాస్తులో ఏమని రాయాలో కూడా చెబుతాను.