స్మర్ఫింగ్ అంటే ఏంటి? దాని మీద అంత గొడవ ఎందుకు?
ఆన్‌లైన్ వీడియో గేముల్లో బాగా ఆడేవాడు ఇంకో అకౌంట్ తెరిచి, తనకంటే చాలా కింది ర్యాంకు వాళ్ల మధ్య దూరి ఆడటమే స్మర్ఫింగ్. పేరు వెనక కథ చిన్నదే: 1996 ప్రాంతంలో వార్‌క్రాఫ్ట్ 2 అనే గేమ్‌లో ఇద్దరు పేరుమోసిన ఆటగాళ్లను చూస్తేనే అవతలివాళ్లు గేమ్ వదిలి వెళ్లిపోయేవాళ్లట, దాంతో వాళ్లు పాపా స్మర్ఫ్, స్మర్ఫెట్ అని కార్టూన్ పేర్లు పెట్టుకుని ఆడారు.

అసలు చిక్కంతా ర్యాంకింగ్‌లో ఉంది. సిస్టమ్‌కి మనిషి తెలియడు, ఆ అకౌంట్ గెలుపోటములే తెలుసు. కొత్త అకౌంట్ కనబడగానే ఏదో ఒక అంచనా వేసి మామూలు వాళ్లతో కలిపేస్తుంది, ఆ అంచనా సరిదిద్దుకునేలోపు బోలెడు మ్యాచ్‌లు ఏకపక్షంగా అయిపోతాయి. షూటింగ్ గేమ్‌లో అయితే ఇట్టే దొరికిపోతారు: లెవెల్ చూస్తే అడుగున ఉంటుంది, మీరు మూల తిరిగేసరికి గురి మాత్రం సరిగ్గా మీ తల ఎత్తులో కాచుకుని ఉంటుంది. (హ్యాక్ అనుకుని రిపోర్ట్ కొట్టేవాళ్లూ ఉంటారు.)

అందరూ ఏడిపించడానికే చేయరు లెండి. తక్కువ ర్యాంకు ఫ్రెండ్‌తో ఆడాలని కొందరు, ర్యాంకు పోతుందన్న టెన్షన్ లేకుండా కొత్త క్యారెక్టర్ నేర్చుకోవాలని కొందరు. రెండో సాకు నాకైతే ఎక్కదు, దానికి ర్యాంకు లేని మోడ్ చాలు కదా!

కంపెనీలూ ఊరుకోవట్లేదు. 2023 సెప్టెంబరులో వాల్వ్ అనే కంపెనీ తన డోటా 2 గేమ్‌లో 90,000 స్మర్ఫ్ అకౌంట్లను బ్యాన్ చేసింది, పైగా ఒక్కోదాని వెనక ఉన్న మెయిన్ అకౌంట్ ఏదో కూడా పట్టేసింది.