టెక్ సందేహాలు: బ్లాకుల మధ్య ఏ ఫైబర్?

ప్రశ్న: మియాపూర్‌లో మాది అయిదు బ్లాకుల అపార్ట్‌మెంట్. సీసీ కెమెరాలకు, వైఫైకి సెక్యూరిటీ గది నుంచి ప్రతి బ్లాకుకూ ఫైబర్ లాగించాలి. చివరి బ్లాకు 220 మీటర్లు. కాంట్రాక్టర్ మల్టీమోడ్ ఓఎం3 అంటున్నారు. వేయించమంటారా?

జవాబు: వద్దండీ. సింగిల్‌మోడ్ ఓఎస్2 వేయించండి. ఒకప్పుడు సింగిల్‌మోడ్ మాడ్యూళ్లు (స్విచ్‌లో గుచ్చితే సిగ్నల్‌ను వెలుగుగా మార్చేవి) బాగా ఖరీదు కాబట్టి భవనాల్లో మల్టీమోడ్ వాడేవారు. ఇప్పుడు ఆ తేడా బాగా తగ్గింది, కేబుల్ అయితే సింగిల్‌మోడే సాధారణంగా చవక.

ఓఎం3 కోర్, అంటే పోగులో వెలుగు పోయే నడిమి భాగం, 50 మైక్రాన్లు. అందులో వెలుగు రకరకాల దారుల్లో పోయి కాస్త ముందూ వెనకగా చేరుతుంది. వేగం పెంచితే పల్స్‌లు కలిసిపోతాయి. అందుకే 10 గిగాబిట్ 300 మీటర్లు పోయే ఆ కేబుల్ మీదే 100 గిగాబిట్ ఎస్ఆర్4 (మల్టీమోడ్ మాడ్యూల్ రకం) 70 మీటర్లు దాటదు, పైగా 8 పోగులు కావాలి. సింగిల్‌మోడ్ కోర్ సుమారు 9 మైక్రాన్లు, వెలుగుకు దారి ఒక్కటే. రెండే పోగుల మీద 10 గిగాబిట్ ఎల్ఆర్, 100 గిగాబిట్ ఎల్ఆర్4 మాడ్యూళ్లు రెండూ 10 కిలోమీటర్లు పోతాయి. రేపు వేగం కావాలంటే మాడ్యూల్ మారిస్తే చాలు, సిమెంటు రోడ్డు మళ్లీ తవ్వక్కర్లేదు.

ఒకే గదిలో పక్కపక్క ర్యాకులకో, ముందే ఓఎం3 వేసి ఉన్నచోటో మల్టీమోడ్ సరిపోతుంది.

ప్రతి బ్లాకుకూ విడిగా 12 కోర్ ఆర్మర్డ్ కేబుల్ (బజార్లో కోర్ అంటే పోగు) హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపులో లాగించండి. లింకుకు రెండు పోగులు పోగా మిగతావి స్పేర్. రెండు చివరలా అయిదేసి మీటర్లు చుట్ట వదలమనండి. ఉక్కు ఆర్మర్‌కు ఎర్తింగ్ తప్పదు, పిడుగు పడితే అది కరెంటును మోస్తుంది. వానాకాలం నీళ్లు చేరే సెల్లార్లో ఎల్ఐయూ (కేబుల్ పోగుల చివరలు అమర్చే పెట్టె) పెట్టనివ్వకండి.

ప్యాచ్ కార్డులు (ఎల్ఐయూ నుంచి స్విచ్‌కు కలిపే పొట్టి ఫైబర్ తీగలు) పసుపు రంగువి, ఎల్‌సీ యూపీసీ కనెక్టర్లవి తీసుకోండి. పాత మల్టీమోడ్ కార్డు మధ్యలో కలిపితే వెలుగు చాలావరకు పోతుంది. ఇంటర్నెట్ కంపెనీవాళ్ల ఆకుపచ్చ ఏపీసీ (చివర ఏటవాలుగా ఉండే) కనెక్టర్‌ను నీలం యూపీసీలో గుచ్చినా అంతే. మాడ్యూళ్లు రెండు వైపులా ఒకే రకం ఉండాలి. సింగిల్‌మోడ్ ఎల్ఎక్స్‌కు ఎదురుగా మల్టీమోడ్ ఎస్ఎక్స్ పెడితే లింకు రాదు. ప్రస్తుతానికి 1 గిగాబిట్ ఎల్ఎక్స్ చాలు.

ఆఖరి చెల్లింపుకు ముందు ప్రతి పోగుకూ 1310, 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల్లో ఓటీడీఆర్ (పోగులోకి వెలుగు పంపి నష్టం ఎక్కడుందో చూపే పరికరం) రిపోర్టు అడగండి. ఒకచోట 1310 కంటే 1550లో నష్టం ఎక్కువ కనిపిస్తే కేబుల్ ఎక్కడో గట్టిగా వంగిందని అర్థం. అక్కడ తెరిచి సరిచేయించండి. వెలుగుతున్న పోగు చివరలోకి మాత్రం ఎవరినీ చూడనివ్వకండి, ఆ కాంతి కంటికి కనిపించదు.