స్టేజ్ 2 ట్యూనింగ్ (ఇంజన్ పవర్ పెంచే మార్పులు) చేయించాక పై ఆర్పీఎంలో కారు లాగట్లేదు, పెద్ద ఇంజెక్టర్లు (ఇంజన్లోకి పెట్రోలు చిమ్మేవి) వేయించాలా?

వద్దు తమ్ముడూ. ముందు ఫ్యూయల్ ప్రెషర్ చూపించు. ఇంజెక్టర్ల మీద డబ్బు పెట్టడం ఆఖరి పని.

మా బావమరిది ఫియట్ లీనియా టీ-జెట్ (టర్బో పెట్రోలు కారు)కి అచ్చం ఇదే జబ్బు. బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచి మ్యాప్ (ఎంత పెట్రోలు పోయాలో ఇంజన్ కంప్యూటర్‌కి చెప్పే ఫైలు) మార్పించాక నాలుగు వేల దాకా బాగానే లాగేది, ఆ పైన ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగిపోయేది. నెల్లూరు ఆటోనగర్‌లో చూసినవాళ్లంతా "ఇంజెక్టర్లు చాలట్లేదు సార్" అన్నారు. మ్యాప్ అమ్మినాయన కారు ముఖం చూడకుండానే వాట్సాప్‌లో ఇంకో ఫైలు పంపాడు. లాగ్ (కారు నడిచేటప్పుడు రికార్డు చేసిన రీడింగులు) అడగని ట్యూనర్‌ని నేను ట్యూనర్ అనను. సైలెన్సర్ పీకేసి మాగుంట లేఔట్‌లో పసిపిల్లల్ని నిద్రలేపడానికి వేలు తగలేసేవాళ్లు కూడా ఒక ప్రెషర్ గేజ్ కొనమంటే మొహం చాటేస్తారు, అదే నా బాధ.

తెల్లారకముందే వెంకటాచలం టోల్‌గేట్ దాటి ఖాళీ రోడ్డు చూసుకున్నాం. ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం)కి గేజ్ తగిలించి, పైపుని బానెట్ సందులోంచి తీసి, గేజ్‌ని అద్దానికి బయటి వైపు టేపు వేసి అంటించాను. లోపల పెట్టకూడదు, పైపు ఊడితే పెట్రోలు ఒళ్లో పడుతుంది. రెండో గేరులో ఫుల్ తొక్కించాను. 3.5 బార్ దగ్గర నిలబడాల్సిన ముల్లు ఐదు వేలు దాటేసరికి 2.9కి జారింది. ఎదురుగా 1 బార్ బూస్ట్ తోస్తోంది కాబట్టి ఇంజెక్టర్‌కి మిగిలిన తేడా 1.9 మాత్రమే, ఉండాల్సింది 2.5. పెట్రోలు ప్రవాహం ఈ తేడా వర్గమూలాన్ని బట్టి మారుతుంది. అంటే పెట్రోలు దాదాపు 13 శాతం తక్కువ. 0.80 ఉండాల్సిన లాంబ్డా (ఏ పెట్రోలైనా దానికి సరిగ్గా సరిపడా గాలి ఉంటే 1; అంకె పెరిగితే పెట్రోలు తగ్గినట్టు) 0.92 చూపించింది. నాకింగ్ (సిలిండర్లో పెట్రోలు తనంతట తానే పేలడం) మొదలవగానే ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, ఇక కారు ఎక్కడ లాగుతుంది?

వెనక సీటు ఎత్తి చూస్తే, బ్యాటరీ దగ్గర 14 వోల్టులున్నా పంపు కనెక్టర్ దగ్గర 11 మాత్రమే. ఎర్త్ వైరు బిగించిన చోట పచ్చగా చిలుము. వాళ్లది మైపాడు, ఉప్పుగాలి ఊరుకుంటుందా? వైరు మార్చి ఉప్పుకాగితంతో రుద్ది బిగించాం. ముల్లు మళ్లీ జారలేదు, పాత ఇంజెక్టర్లతోనే కారు రెడ్‌లైన్ దాకా పోయింది.

నీ మ్యాప్ పాత పెట్రోలుకి రాసిందైతే ఇంకో తిరకాసుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ లేని పెట్రోలుకి గాలి-పెట్రోలు నిష్పత్తి 14.7 అయితే దీనికి సుమారు 13.5, అంటే ఇంజన్ 8 శాతం పైగా ఎక్కువ తాగాలి. మామూలుగా నడిపేటప్పుడు ఫ్యూయల్ ట్రిమ్ (ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ చేసే దిద్దుబాటు) సర్దుకుంటుంది కానీ, ఫుల్ తొక్కినప్పుడు చాలా ఈసీయూలు ఆ సెన్సర్ మాట వినవు, టేబుల్లో రాసిందే పోస్తాయి. అందుకే గేజ్‌లో నిష్పత్తి కాకుండా లాంబ్డా చూడు.

ప్రెషర్, వోల్టేజ్, ఫ్యూయల్ ఫిల్టర్ మూడూ సరిగ్గా ఉండి కూడా ఇంజెక్టర్ డ్యూటీ సైకిల్ (మొత్తం సమయంలో అది తెరుచుకుని ఉండే వాటా) 85 శాతం దాటుతుంటే, అప్పుడు పెద్దవి కొను. కొన్నాక వాటి డెడ్ టైమ్ (కరెంటు అందాక తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం) లెక్కలు కూడా మ్యాప్‌లో మార్పించు, లేకపోతే ఐడిల్‌లోనే కారు ఊగుతుంది.