లిస్టు పొడుగు కాదు, వాడకం చూడాలి

ప్రశ్న: రొయ్యల తెల్లమచ్చ జబ్బు మీద పేపర్ రాస్తుండా సార్. రిఫరెన్సులు 40 పెడితే మా గైడ్ ఊరికే లిస్టు పెంచావంటుండారు. ఎంత గట్టిగా వాడానో కొలిచేదెట్టా?
– రీసెర్చ్ స్కాలర్, కావలి

జవాబు: పేపర్ లోపల ఒక్కో రిఫరెన్సు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కేసుకో అబ్బయా. అన్నీ కలిపి 60 సార్లొస్తే 40తో భాగించు, 1.5, అంటే కనీసం సగం ఒక్కసారి తగిలించి వదిలేసినవే. [3–9] అని ఒకే బ్రాకెట్లో పెడతారే, అది ఒకటి కాదు ఏడు, చానామంది తప్పేది అక్కడే. ఇంట్రడక్షన్లో గుంపుగా పడేసినవాటికంటే పీసీఆర్ పద్ధతి దగ్గరా రిజల్ట్స్ దగ్గరా మళ్లీమళ్లీ వచ్చేవాటికే నేనైతే బరువిస్తా. 1964లో యూజీన్ గార్ఫీల్డ్ తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌కి (ఏ పేపర్ని ఏయే పేపర్లు రిఫరెన్సుగా చూపాయో చెప్పే జాబితా) ఈ తేడా పట్టదు, ఒకసారి చెప్పినా పదిసార్లు చెప్పినా ఒకటే లెక్క. రివ్యూ పేపర్లతో మాత్రం పోల్చుకోబాక, ఎక్కువ పేపర్లను ఒకచోట చేర్చి చెప్పడమే వాటి పని.