తెర మీద జవాబు కనిపించే ముందు
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: నేను నెల్లూరు జిల్లా ఆత్మకూరు ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. తరగతి గదిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (నల్లబల్ల స్థానంలో వేలితో తాకి నడిపే పెద్ద తెర) అమర్చిన నాటి నుండి ప్రతి పాఠానికీ వీడియో చూపిస్తున్నాను. పిల్లలు కదలకుండా చూస్తారు, అర్థమైందా అంటే అందరూ ఒక్క గొంతుతో అర్థమైందంటారు. యూనిట్ పరీక్షలో మాత్రం విద్యుత్తు పాఠం మార్కులు సుద్దముక్కతో చెప్పిన రోజుల్లో ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. పైగా నెట్ నిలకడగా ఉండదు, కరెంటు పోతే పాఠం సగంలో ఆగిపోతుంది. లోపం నా బోధనలో ఉందా, ఈ పరికరంలో ఉందా?
– ఒక ఉపాధ్యాయిని, ఆత్మకూరు

జవాబు: అమ్మా, మీరు పరీక్ష పేపర్లు దిద్ది ఊరుకోకుండా వాటిని పాత మార్కులతో పోల్చి చూసుకున్నారు, సగం పని అక్కడే అయింది. మిగిలిన సగం, ప్యానెల్ వెలిగించే ముందు పిల్లల చేత ఒక జవాబు చెప్పించడం. వీడియో తన ప్రశ్న తానే వేసుకుని, తన జవాబు తానే చెప్పుకుని ముగుస్తుంది గనుక, పిల్లవాడి మనసులో అప్పటికే ఉన్న తప్పు అభిప్రాయం చెక్కుచెదరకుండా ఉండిపోతుంది, పరీక్ష రోజు మళ్లీ అదే బయటికి వస్తుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగ విరమణకు ముందు సంవత్సరం, పెన్నా కాలువల కింద ఉన్న ఒక ఊరిలో పదో తరగతికి ఇదే పాఠం చెబుతున్నాను. నల్లబల్ల మీద ఒక బ్యాటరీ, దానికి శ్రేణిలో, అంటే ఒకే తీగ వెంట ఒకదాని తరువాత ఒకటిగా, ఒకే రకం బల్బులు రెండు గీసి, ఏ బల్బు ఎక్కువగా వెలుగుతుందని అడిగాను. మొదటిదైతే ఒక వేలు, రెండోదైతే రెండు, రెండూ సమానమైతే మూడు వేళ్లు గుండెకు ఆనించి చూపమన్నాను. చెయ్యి పైకెత్తమంటే పక్కవాళ్లను చూసి మార్చుకుంటారు, గుండెకు ఆనిస్తే ఎవరి జవాబు వారిదే. సగానికి పైగా పిల్లలు ఒక్క వేలే చూపించారు. కారణం అడిగితే, శివారు భూములు సాగు చేసుకునే రైతు కూతురు లేచి, “తూము కాడి పొలాలోళ్లు పెట్టుకున్నాకే గదా సార్ మా చేనికి నీళ్లొచ్చేది. మొదటి బల్బు వాడుకున్నాక రెండోదానికి ఇంకేం మిగులుద్ది?” అంది.

తప్పు జవాబే, అయినా దాని వెనుక కాలువ చివర నీళ్ల కోసం కాచుకున్న ఒక కుటుంబం అనుభవమంతా ఉంది. ఆ పోలికను ఏ వీడియోలోనూ, ఏ గైడులోనూ నేను చూడలేదు. దాన్ని పలకరించకుండా ఓమ్ నియమం ఎన్నిసార్లు వల్లె వేయించినా అది పైపైనే ఉండిపోయేదని నాకు ఆ క్షణాన తెలిసింది. అప్పుడు ప్యానెల్ వెలిగించాను. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ‘ఫెట్’ సిమ్యులేషన్లు (తెర మీద చేసి చూసే ప్రయోగాలు) ఉచితంగా దొరుకుతాయి, కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. వాటిలో విద్యుత్ వలయాలు నిర్మించే సిమ్యులేషన్ తెరిచి, 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓముల బల్బులు రెండు ఆ అమ్మాయి చేతనే శ్రేణిలో కలిపించాను. విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే అమ్మీటరును బ్యాటరీ పక్కన పెట్టింది, బల్బుల మధ్య పెట్టింది, రెండో బల్బు దాటాక పెట్టింది. మూడు చోట్లా 0.45 ఆంపియర్లే. తీగలో నీలి చుక్కలుగా కనిపించే ఎలక్ట్రాన్లు అంతటా ఒకే వేగంతో సాగుతున్నాయి. “అయితే బల్బు తాగేదేంది సార్?” అని తరగతి మొత్తం అడిగింది. చేలు నీటినే తాగేస్తాయి గనుక కాలువ చివరికి వచ్చేసరికి తగ్గుతుంది, బల్బు తీసుకునేది శక్తిని, ప్రవాహం ఎంత బయలుదేరిందో అంతా బ్యాటరీకి తిరిగి చేరుతుంది అని చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆ ప్రశ్న వాళ్ల నోటి నుండి రాకపోయి ఉంటే రెండు పీరియడ్లు చెప్పినా ఆ మాట అంత లోతుగా దిగేది కాదు.

ఆ వెంటనే టార్చి బల్బులతో, సెల్లులతో అదే వలయం బల్ల మీద కట్టించండి. చేత్తో చేయనిదాన్ని పిల్లలు కంప్యూటరు బొమ్మగానే లెక్కిస్తారు. బజారులో కొన్న బల్బులు అచ్చంగా ఒకే తీరుగా ఉండవు గనుక ఒకటి కాస్త మసకగా వెలగవచ్చు. అప్పుడు రెండింటి స్థానాలు మార్చి చూపిస్తే, తేడా బల్బుదే తప్ప స్థానానిది కాదని వాళ్లే చెబుతారు.

ఈ వేళ్ల పద్ధతి నేను కనిపెట్టినది కాదు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990ల తొలినాళ్ల నుండి తన తరగతిలో పిల్లల చేత ముందు ఎవరికి వారు జవాబు ఎంచుకునేలా చేసి, తరువాత పక్కవారితో వాదించుకోనిచ్చి, మళ్లీ జవాబు అడిగేవారు. సరైన జవాబు 30 శాతం మందికి కూడా రాకపోతే భావనను మళ్లీ చెప్పాలి, 70 శాతం దాటితే కొద్ది మాటల్లో ముగించి ముందుకు సాగాలి, మధ్యలో ఉంటే పిల్లల్ని మాట్లాడుకోనివ్వాలి. మీ వీడియోలను కూడా పారేయనక్కరలేదు. జవాబు వచ్చే ఘట్టానికి ముందు ఆపి, వేళ్లు చూపించమని, కారణం ఇద్దరి చేత చెప్పించి, ఆ తరువాతే మిగతాది నడపండి. నా లెక్కలో ఒక పీరియడ్‌లో ప్యానెల్ పది నిమిషాలు వెలిగితే చాలు.

నెట్ సంగతికి వస్తే, ఫెట్ సిమ్యులేషన్లను ఇంటి దగ్గరే దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు, బ్రౌజరులో నెట్ లేకుండానే నడుస్తాయి. కరెంటు లేని రోజున ఇద్దరు ఉపాధ్యాయుల ఫోన్లు ఒక ప్రయోగశాలకు సరిపోతాయి. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం రూపొందించిన ‘ఫైఫాక్స్’ యాప్‌లో శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్ ఉంది. తొమ్మిదో తరగతి ధ్వని పాఠం రోజున రెండు ఫోన్లను వరండాలో 10 మీటర్ల ఎడంగా పెట్టి, ఒక్కోదాని పక్కన ఒక్కో పిల్లవాడిని నిలబెట్టండి. మొదటివాడి చప్పట్లతో రెండు గడియారాలూ మొదలవుతాయి, రెండోవాడి చప్పట్లతో రెండూ ఆగుతాయి. రెండు ఫోన్లలోని కాలాల తేడా, ధ్వని 20 మీటర్లు ప్రయాణించడానికి పట్టిన కాలం. 22 డిగ్రీల వద్ద ధ్వని వేగం సెకనుకు 344 మీటర్లని పాఠ్యపుస్తకం చెబుతుంది, కానీ మన నెల్లూరు ఎండలో, 35 డిగ్రీల వద్ద అది సుమారు 352 ఉండాలి, అంటే ఆ తేడా 0.057 సెకను దగ్గర రావాలి. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంది. పదిసార్లు చేయించి సగటు కట్టిస్తే, సగటు ఎందుకు తీయాలో కూడా ఆ వరండాలోనే తెలుస్తుంది.

ప్రశ్న: ప్రకాశం జిల్లా కొత్తపట్నం తీరంలోని ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. ఇంటిపనిని సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. మరునాడు మూడో వంతు పిల్లలు చూడలేదంటారు. వారిని శిక్షించడం న్యాయమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, కొత్తపట్నం

జవాబు: న్యాయం కాదండీ. మీ ప్రాంతంలో చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ తండ్రితో పాటు వేటకు వెళ్తుంది, పడవ తిరిగి వచ్చేవరకు ఆ పిల్లవాడికి మీ గ్రూపు లేనట్టే. ఇంటిపని లెక్కలు ఆఖరి గంటకు ముందే నల్లబల్ల మీద రాసి పుస్తకంలోకి ఎక్కించండి, ఫోనులోనే దొరికేదంటూ ఏదీ ఉండకూడదు. గ్రూపును తల్లులకు కేటాయించండి. చదువు రాని తల్లి కూడా వింటుంది గనుక, వారానికి ఒకసారి అర నిమిషం మించకుండా, ఈ వారం ఏ పాఠం జరిగింది, పిల్లవాడిని ఏమని అడగాలి అన్నది మీ గొంతుతో రికార్డు చేసి పంపండి. “మన ఇంటి నుండి రేవుకు ఎన్ని అడుగులో లెక్కపెట్టి చెప్పు” వంటి ప్రశ్నయితే తల్లి కూడా కూడబలుక్కోకుండా అడగగలదు.

ఇంకొక్క మాట. మార్కుల జాబితాలు, పిల్లల ఫొటోలు ఆ గ్రూపులో పెట్టవద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. చట్టం సంగతి అటుంచినా, తక్కువ మార్కులు వచ్చిన బిడ్డ పేరును ఊరంతా చదివితే ఆ బిడ్డ మరునాడు మీ గణితం పీరియడ్‌కు ఏ ముఖంతో వస్తుందో ఆలోచించండి. మార్కులు చెప్పవలసి వస్తే ఆ తల్లికి ఒక్కరికే ఫోన్ చేసి చెప్పండి.